ఎనభై కేజీల బస్తాకి ఎంత పప్పు? ఒక మొదటి నవల జమాఖర్చు

ముందు లెక్క చెప్పేస్తాను, కథ తర్వాత. రాసినవి మొత్తం 1,86,000 పదాలు. పుస్తకంలో మిగిలినవి 50,600. మొదలుపెట్టింది 2019 జనవరి, అచ్చయి చేతికొచ్చింది 2024 డిసెంబరు. అందులో ఒక్క అక్షరం కూడా రాయని నెలలు పదిహేను. డెమీ సైజు, 208 పేజీలు, 500 కాపీలు. ఖర్చు 48 వేల చిల్లర, ఇప్పటికి తిరిగొచ్చింది 41 వేలు. నవల పేరు ఇక్కడ చెప్పను, ప్రచారం కోసం రాశాడంటారు.

నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో గుమస్తాని. పద్దెనిమిదేళ్లయింది. మా వ్యాపారంలో పిక్క, అంటే తొక్క తియ్యని జీడిగింజ, కొనే ముందు అందరూ అడిగేది ఔట్‌టర్న్ ఎంత అని. అంటే 80 కేజీల బస్తా కొడితే ఎన్ని పౌన్ల పప్పు దిగుతుంది అని. 48 దిగితే పర్లేదనిపించే సరుకు. 48 పౌన్లంటే 21 కేజీల ముప్పావు, నూటికి 27. ఆఖర్న నోటుబుక్కులో అంకెలన్నీ కూడి చూస్తే నా నవలకీ నూటికి 27 దిగింది. కావాలని కుదిర్చిన లెక్క కాదు, చూసి నేనే నవ్వుకున్నాను. తేడా ఒకటుంది. మా దగ్గర తొక్కకి కూడా రేటుంటుంది, నూనె తీస్తారు కాబట్టి కొనేవాళ్లు వస్తారు. పారేసిన లక్షా ముప్ఫై అయిదు వేల పదాలని ఎవడూ కొనడు.

కథలు రాసే కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ‘అన్నా, నవల ఎలా రాశావు, ఏమైనా టిప్స్ చెప్పు’ అని అడుగుతుంటారు. టిప్స్ నా దగ్గర లేవు, ఆ నోటుబుక్కు ఉంది. గుమస్తా బుద్ధి పోదు కదా, మొదటి రోజు నుంచీ గీతలు కొట్టి నాలుగు గళ్లు పెట్టాను: తేదీ, కూర్చున్న టైము, ఎన్ని పదాలు, ఎక్కడ ఆగింది. మొదటి మూడు గళ్లూ ఉత్సాహం కోసం పనికొచ్చాయి. నవల రాయడానికి పనికొచ్చింది నాలుగో గడి ఒక్కటే. ఈ రాసేదంతా దాన్ని చూసే రాస్తున్నాను.

మొదటి రాత: 74,000 పదాలు, ఒక్క రోజూ పనిచెయ్యని హీరో

2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది, నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. మా సొంతూరు వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు. ఉద్దానం అంటే తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కొబ్బరీ జీడీ పనసా కలిసి పెరిగే తోటలు, ఎండ నేల మీద పడడానికి దారి వెతుక్కోవాలి. ఆ ఒక్క రాత్రితో అవి లేవు. మూడు నెలల తర్వాత నేను నవల మొదలెట్టాను. ఇరవై ఏళ్లుగా రాయాలనుకుంటున్నాను, ఇప్పటికి విషయం దొరికింది అనుకున్నాను. ఇలా అనుకోవడంలో ఎంత సిగ్గుమాలినతనం ఉందో అప్పుడు తట్టలేదు. పక్కింటాయన పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుంటుంటే నేను అధ్యాయాలు లెక్కపెట్టుకున్నాను.

రోజూ నాలుగున్నరకి లేచి ఆరు దాకా రాసేవాణ్ణి. పూటకి సగటున 300 పదాలు. ఎక్కువ లేదు, కానీ ఆగలేదు. విశాఖ పని మీద వెళ్లినప్పుడు పాసింజర్‌లో ఫోన్ మీద రాసేవాణ్ణి, పూండి దాటి నౌపడా ఉప్పుమళ్లు వచ్చేసరికి ఒక పేరా అయ్యేది, తిలారులో రద్దీ ఎక్కేసరికి ఆగిపోయేది. మార్చి నుంచి మే దాకా మాత్రం రాత బంద్. కొత్త పిక్క దిగే సీజను, రాత్రి పది దాకా కాటా చీటీలతోనే సరిపోతుంది. ఒక్క 2020 తప్పిస్తే ఏ ఏడూ ఆ మూడు నెలలు రాయలేదు, పైన చెప్పిన పదిహేను నెలలు అవే. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత తెలిసింది, మూడు నెలలు ముట్టుకోకుండా వదిలేసి జూన్‌లో తీస్తే మన రాత వేరేవాడి రాతలా కనబడుతుంది, అప్పుడు కొట్టెయ్యడానికి చెయ్యి ఆడుతుంది.

ఆ మొదటి రాతలో హీరో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. తుఫాను తర్వాత ఊరొస్తాడు, చూస్తాడు, చలించిపోతాడు. హీరోయిన్ పేరు స్వప్న, ఏదో సేవాసంస్థలో పనిచేస్తుంది. నేను బెంగళూరు వెళ్లింది జీవితంలో రెండుసార్లు. నవలలు చదివేవాళ్లు అలాంటి కుర్రాళ్లే అయ్యుంటారని, వాళ్లకి వాళ్ల మనిషే కావాలని నాకెందుకో గట్టిగా అనిపించింది. 2020 ఫిబ్రవరి నాటికి 38 అధ్యాయాలు, 74,000 పదాలు. తుఫాను రాత్రి ఒక్కటే పద్నాలుగు పేజీలు. మచ్చుకి ఒక ముక్క, దాచుకోకుండా:

‘ప్రకృతి ప్రళయ తాండవమాడుతోంది. ఆకాశం తన గుండెల్లో దాచుకున్న ఆక్రోశాన్నంతటినీ ఒక్కసారిగా భూమాత మీద కుమ్మరిస్తోందా అన్నట్లు వాన. కొబ్బరి చెట్లు జడలు విరబోసుకున్న శివసత్తుల్లా ఊగిపోతున్నాయి. కార్తీక్ కిటికీ దగ్గర నిలబడి శూన్యంలోకి చూస్తున్నాడు.’

రాసినప్పుడు చాలా బాగుందనుకున్నాను. గాలి 150లో కొడుతుంటే కిటికీ తెరిచి శూన్యంలోకి చూసేవాడు ఉంటాడా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ రాత్రి మేమందరం మంచం కింద ఉన్నాం.

అమ్మకి చదువు రాదు. ముప్ఫై రెండేళ్లు పిక్క కొట్టింది. సొన పడీ పడీ వేళ్ల చివర్లు నల్లగా నున్నగా అయిపోయాయి, రేషన్ మిషన్‌లో వేలు పెడితే ముద్ర పడదు, నాలుగైదుసార్లు తుడుచుకుని పెట్టాలి. కరెంటు పోయిన సాయంత్రాలు నవల తనకి చదివి వినిపించేవాణ్ణి. మూడో అధ్యాయంలో నిద్రపోయింది. ఆరులో లేచింది. పదకొండో అధ్యాయం దగ్గర అడిగింది:

‘ఒరే, ఈ బాబు డూటీకి ఎల్లడేటి?’

‘సెలవు పెట్టాడమ్మా.’

‘ఎన్నాళ్లు పెట్టినాడు?’

లెక్కేస్తే అప్పటికి కథలో ఏడు నెలలయింది. చెప్పాను.

‘ఏడు నెల్లు సెలవిచ్చీసీ కంపెనీ ఏదిరా? మీ సావుకారికి సెప్పు.’

నవ్వేసి ఊరుకున్నాను కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు పెన్సిలు తీసుకుని 38 అధ్యాయాలూ తిరగేసి ఒక లెక్క తీశాను. 29 అధ్యాయాల్లో హీరో ఎక్కడో ఒకచోట నిలబడి దేన్నో చూస్తున్నాడు, అరుగు, కిటికీ, గట్టు, రైల్వే ప్లాట్‌ఫాం. మొత్తం నవల్లో ఒక్క బరువు ఎత్తలేదు. డబ్బులు లెక్కపెట్టుకున్నది కూడా లేదు. మా ఊళ్లో ఆ ఏడు నెలలూ అందరూ చేసింది ఆ రెండు పనులే.

ఆ రోజు నాలుగో గడిలో ఇలా రాసుకున్నాను: ‘వీడికి పని లేదు. అందుకే కథకి పని లేదు.’

రెండో రాత: 61,000 పదాలు, బ్యాంకు లోనుకి పెట్టుకోవచ్చు

ఇది తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మొదటిదానికి ఎదురు తప్పు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ఫ్యాక్టరీ మూసేశారు, నాకు టైమే టైము. పని లేని హీరోని పారేసి పనంతా తెచ్చి పోశాను. పిక్క ఎండబెట్టడం, బాయిలర్లో ఉడకబెట్టడం, చల్లార్చడం, మిషను మీద కొయ్యడం, బోర్మా అనే వేడి గదిలో ఎండించడం, పైతొక్క తియ్యడం, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. డబ్ల్యూ 320 రకం అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లని, 240 అంటే 220 నుంచి 240 అని, అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దదని, ఒక పాత్ర ఇంకో పాత్రకి పాఠం చెప్తాడు, ఆ రెండో పాత్ర పుట్టిందీ పెరిగిందీ పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో. అతనికి తెలీదా? ఆఫ్రికా పిక్క ఓడలో విశాఖకి దిగడం, ఇక్కడ రైతు బస్తా ధర పడిపోవడం, అదో పదకొండు పేజీలు. టెక్కలిలో మాస్టారుగా చేసే మిత్రుడు మొత్తం ఓపిగ్గా చదివి, ‘చాలా సమాచారం ఉంది, బ్యాంకు లోనుకి ప్రాజెక్టు రిపోర్టుగా పెట్టుకోవచ్చు’ అన్నాడు. రెండు వారాలు మాట్లాడలేదు అతనితో.

అయితే ఆ 61,000లో 140వ పేజీలో ఒక వాక్యం ఉంది. దాని గురించి తర్వాత.

మాండలికం గొడవ

అప్పటికి నన్ను పట్టి పీడిస్తున్నది ఇంకొకటి. పాత్రలు ఏ తెలుగు మాట్లాడాలి? మొదటి రాతలో అందరూ వార్తలు చదివినట్టు మాట్లాడారు. రెండోదానిలో పంతం పట్టి చెవికి వినబడింది వినబడినట్టు దింపేశాను. ఒక మాట చూడండి: ‘నానేటి సేత్తానోలమ్మా, ఆడెల్లిపోనాడు, ఈడొచ్చీసినాడు, నాకాడేటుందని!’ మా షెడ్డులో ఏడో తరగతి దాకా చదివిన ఆవిడ ఒకామె ఉంది, ఆమెకిచ్చి చదవమన్నాను. రోజూ తను మాట్లాడే మాటే. ‘నాకాడే... నాకాడేటు...’ అని అక్కడ ఆగిపోయింది, రెండోసారి మొదట్నుంచి మొదలెట్టి మళ్లీ ఆగిపోయింది. ‘ఏం బాసండి బాబూ ఇది?’ అని అడిగింది.

ఆమె భాషే అది! చెవికి అలవాటైన మాట కంటికి అలవాటు లేదు. ఆమె బడిలో చదివింది వేరే స్పెల్లింగు.

2022 ఫిబ్రవరిలో రెండు రోజులు సెలవు పెట్టి శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లాను. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఊళ్లోకి వెళ్లి, విశాఖ ఏ కాలనీ అని అడిగితే చూపిస్తారు. 1997 ఫిబ్రవరి 22న మొదలైంది, తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా ఒకచోట ఉండాలని కాళీపట్నం రామారావు మాస్టారు పెట్టిన ఇల్లు. మాస్టారు 2021 జూన్ 4న పోయారు. పలాస నుంచి ఎంత దూరమని, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటూనే ఆయన ఉండగా వెళ్లలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రెండు రోజులూ నేను కథలు కథలుగా చదవలేదు. మన వైపు రచయితల కథలు ముందేసుకుని సంభాషణలు మాత్రం నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను, ఎవరు ఎంత యాస పెట్టారు, ఎక్కడ పెట్టలేదు అని. చూడగా చూడగా నాకు అర్థమైంది ఏమిటంటే, చదివేటప్పుడు ‘ఇది మా భాష’ అనిపించిన చోట్ల కూడా ఉచ్చారణ పూర్తిగా దింపింది తక్కువే. క్రియ చివర్లు మనవి, మాట వరస మనది, అక్కడక్కడ బేగి, తోవ, ఏటి, గుంటడు లాంటి మాటలు మనవి, అంతే. మిగతాది చదివేవాడి చెవి పూరించుకుంటుంది.

నేను పెట్టుకున్న నియమం ఇది: కథ చెప్పేది మామూలు తెలుగు. మాట్లాడేటప్పుడు ‘ఏటి’ ఉంటుంది, ‘ఆడు, ఈడు’ ఉంటాయి, ‘ఎల్లిపోనాడు, వచ్చీసినాడు’ ఉంటాయి. ‘చ’ని ‘స’ చెయ్యడం మాత్రం మానేశాను. పై వాక్యం చివరికి ఇలా అయింది: ‘నేనేటి చేస్తానమ్మా, ఆడు ఎల్లిపోనాడు. నా కాడ ఏటుందని!’ అదే ఆవిడకిచ్చాను. ఆగకుండా చదివింది, చదువుతూ మాత్రం ‘సేస్తానమ్మా’ అంది. చాలు కదా. యాస పలచన చేసేశావని కోప్పడ్డవాళ్లు తర్వాత ఇద్దరు తగిలారు, వాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది మా జిల్లా పర్వతాలపేటలోనే, ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29నే ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, ఆ వేదికల మీద మాట్లాడేవాళ్లు సగం మంది గ్రాంథికానికి దగ్గరగా మాట్లాడతారు, అది వేరే సంగతి.

మూడో రాత: 140వ పేజీలోంచి మొదటి పేజీకి

ఇప్పుడు ఆ వాక్యం. ‘తెల్లారేసరికి మా అరుగు మీంచి సముద్రం కనబడింది.’

అది కల్పన కాదు. మా ఇల్లు కట్టి అప్పటికి నలభై ఏళ్లు. సముద్రం హోరు ప్రతి రాత్రీ వినబడుతుంది, ఇంట్లోంచి ఎప్పుడూ కనబడలేదు, మధ్యలో తోట. ఆ రోజు ఆరు దాటాక గాలి తగ్గి తలుపు తీస్తే ఎదురుగా చెట్లన్నీ ఒకే వైపు పడున్నాయి, వాటి మీంచి బూడిదరంగు గీతలా సముద్రం. అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది, ఏం తుడుద్దామని వచ్చిందో తెలీదు, ఇంటి కప్పు సగం వాకిట్లోనే ఉంది. చాలాసేపు నిలబడి ‘ఇంత దగ్గరుందేటి!’ అంది. చీపురు గోడకి ఆనించి లోపలికెళ్లి పొయ్యి చూసింది. తడిసిపోయింది.

రెండో రాతలో ఇది 140వ పేజీలో, ఒక అధికారి పరిశీలనకి వచ్చే ఘట్టం మధ్యలో, జ్ఞాపకంగా నాలుగు లైన్లు. కథానిలయం నుంచి వచ్చాక సీజను అయిపోయి జూన్‌లో కట్ట తీసి మొదట్నుంచి చదువుతుంటే, అక్కడికొచ్చి ఆగిపోయాను. అంతకు ముందున్న 139 పేజీలూ ఈ లైను దగ్గరికి రావడానికి నేను తొక్కిన తోవ. చదివేవాడు ఆ తోవంతా నడవక్కర్లేదు, వాడు ఇక్కడ దిగొచ్చు. ఆ వాక్యాన్ని తెచ్చి మొదటి పేజీ మొదటి లైనులో పెట్టాను.

దాంతో మిగతావి వాటంతట అవే కదిలాయి. తుఫాను అయిపోయాక నవల మొదలైతే ఇంక తుఫానుని వర్ణించేదేముంది? పద్నాలుగు పేజీలు పోయి ఇంత మిగిలింది, అదీ రెండో అధ్యాయం మధ్యలో, లచ్చుమమ్మ తలుచుకున్నట్టు:

‘నాలుగున్నరకి రేకు లేచిపోయింది. లచ్చుమమ్మ మంచం కిందనుంచే పైకి చూసింది. ఏమీ కనబడలేదు. మనవడు ఆమె రెక్క గట్టిగా పట్టుకున్నాడు, గోళ్లు దిగుతున్నాయి. ‘మామ్మా, ఏటి పోనాది?’ అన్నాడు. ‘రేకు’ అంది. కాసేపటికి ఇంకోటి లేచింది. వాడు మళ్లీ అడగలేదు.’

లచ్చుమమ్మ అంటే స్వప్న పోయి వచ్చిన మనిషి. పిక్క కొట్టే ఆవిడ. అమ్మ కాదు, అమ్మలాంటిదీ కాదు, అమ్మ కన్నా గయ్యాళి, అమ్మకి లేని చీట్ల పాట అప్పు ఉంది ఆమెకి. ముందు అమ్మనే రాద్దామనుకున్నాను, కుదరలేదు, అమ్మని రాస్తుంటే ప్రతి తప్పుకీ నేనే సంజాయిషీ రాస్తున్నాను. చీట్ల అప్పు తగిలించాక ఆవిడ నా చేతిలోంచి జారి తన పని తను చూసుకుంది. నవలంతా పంతొమ్మిది రోజులు. కరెంటు లేదు, బాయిలర్ లేదు, ఉడికిన పిక్క షెడ్డులో ఉండిపోయింది, పని లేకపోతే కూలి లేదు, శనివారం చీటీ డబ్బు కట్టాలి. రెండో రాతలో పాఠంలా చెప్పిన పిక్క పనంతా ఇందులోనూ ఉంది, కానీ ఇప్పుడు ఎవరూ ఎవరికీ పాఠం చెప్పరు. ఆవిడకి ఆ పని కావాలి, దొరకడం లేదు. చదివేవాడు పని గురించి తెలుసుకునేది అది లేనప్పుడే.

కొత్తగా రాసింది 51,000. పాత రెండింట్లోంచి ఏరుకున్నది 9,000. కలిపి 60,000. అందులోంచి మళ్లీ 9,400 తీసేశాను. తీసేసినవాటిలో పెద్దది కిడ్నీ జబ్బు అధ్యాయం. ఉద్దానం అనగానే బయటివాళ్లకి గుర్తొచ్చేది అదే, మా ఇంటి వీధిలోనే డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్నారు. 6,800 పదాలు రాశాను, చదివినవాళ్లు అదే బాగుందన్నారు, ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా. కానీ నాకు తెలుసు, కథకి బరువు తక్కువైందని అనుమానమొచ్చి ఆ జబ్బుని తెచ్చి తక్కెట్లో వేశాను. లచ్చుమమ్మ పంతొమ్మిది రోజులకీ దానికీ సంబంధం లేదు. అది తీసినప్పుడు పడ్డ బాధ స్వప్నని తీసినప్పుడు కూడా పడలేదు.

అచ్చు, గింజలు, పదమూడు ఫారాలు

ఇద్దరు ప్రచురణకర్తలకి పంపాను. ఒకరు జవాబివ్వలేదు, ఇంకొకరు ఖర్చు మీరు పెట్టుకుంటే వేస్తామన్నారు. ఖర్చు మనదే అయినప్పుడు వాళ్లెందుకని సొంతంగా వేశాను. ఐఎస్‌బీఎన్‌కి డబ్బేం కట్టక్కర్లేదు, ప్రభుత్వ సంస్థే ఉచితంగా ఇస్తుంది, ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లుంటారు, జాగ్రత్త. యూనికోడ్‌లో టైపు చేసింది ప్రెస్సువాళ్ల ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, బస్‌స్టాండ్ లాంటి మాటలు ముద్దగా అంటుకుపోతాయి, ఒక్కొక్కటీ కంటితో పట్టుకోవాల్సిందే.

నేను మర్చిపోలేని మాట పిక్క. ప్రూఫులు చూసినాయన మన వైపు మనిషి కాదు, పేరు ఎందుకులెండి, మంచివాడే. మనకి పిక్క అంటే విత్తనం, చింతపిక్క, జీడిపిక్క, పనసపిక్క. ఆయనకి పిక్క అంటే మోకాలి కింద ఉండేది. ‘రోజంతా ఆడవాళ్లు పిక్కలు కొట్టారు అని ఉంది సార్, చదివేవాళ్లు వేరేగా అనుకుంటారు’ అని, నన్ను అడగకుండా ఒక్క కమాండుతో పుస్తకమంతా పిక్కని గింజ చేయించేశాడు. రెండో ప్రూఫు వచ్చింది. 33వ పేజీలో లచ్చుమమ్మ ‘పొద్దుట్నుంచీ గొంతుక్కూచోవడంతో కాలి గింజలు పట్టేసి’ లేవలేకపోయింది. 118లో మైకు ‘దిక్కులు గింజటిల్లేలా’ మోగింది. ఆఫీసులో పడీ పడీ నవ్వాను, తర్వాత టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే అసలు గింజలు ఏవో, పిక్క నుంచి వచ్చిన గింజలు ఏవో వేరు చెయ్యాలి, 412 చోట్ల. మూడు రాత్రులు పట్టింది. ఒక లాభం, ఆ ‘పిక్కటిల్లేలా’ అన్నది మొదటి రాతలోంచి దాక్కుని వచ్చేసిన మాట, ఆ వంకన పట్టుబడింది. కొట్టేశాను.

చివరగా పేజీలు. పేజీ కట్టాక 211 వచ్చింది. ప్రెస్సులో ఫారం అంటే 16 పేజీలు. పదమూడు ఫారాలంటే 208. ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కాలి, పదమూడు తెల్ల పేజీలకి కూడా డబ్బు కట్టాలి. ‘మూడు పేజీలు తగ్గించలేరా సార్’ అని ప్రెస్సాయన ఫోన్ చేశాడు. లక్షా ముప్ఫై అయిదు వేలు పారేసినవాణ్ణి, మూడు పేజీలు నాకొక లెక్కా? ఏమీ జరగని చిన్న అధ్యాయం ఒకటుంది, రాత్రి షెడ్డులో లచ్చుమమ్మ ఊరికే కూచుని ఉంటుంది, అంతే. పది నిమిషాల్లో తీసేసి పంపేశాను. నాలుగో గడిలో ఏమీ రాసుకోలేదు, ఆలోచిస్తే కదా రాసుకోవడానికి.

పుస్తకాలు కట్టలుగా దిగాయి. షాపులకి 40 శాతం తగ్గించి ఇచ్చాను, చేతి మీద అమ్మింది పూర్తి ధరకి, తొంభై దాకా ఊరికే పంచిపెట్టాను. మా షావుకారు పది కాపీలు కొని, చదవకుండా, కొనుగోలుదార్లకి పప్పు శాంపిల్‌తో పాటు ఇచ్చాడు.

సంక్రాంతికి అమ్మకి మొత్తం చదివి వినిపించాను, నాలుగు సాయంత్రాలు పట్టింది. ఈసారి నిద్రపోలేదు. లచ్చుమమ్మని తిట్టింది, చీట్ల దగ్గర ‘దీనికి బుద్ధి లేదు’ అంది. 61వ పేజీలో చెయ్యి ఎత్తి ఆపింది.

‘బోర్మాలోంచి తీసీసినారా?’

‘తీశారు.’

‘తీసీసి వెంటనే తొక్క తీసీస్తన్నారేటి?’

చూసుకున్నాను. నిజమే. పేజీ పైన బోర్మాలోంచి ట్రేలు దించారు, పేజీ కింద ఆడవాళ్లు కూచుని తొక్క తీస్తున్నారు. వేడి మీద పప్పు పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే ముక్కలైపోతుంది, గాలికి చల్లారి కాస్త తేమ పట్టేదాకా ఒక రాత్రి వదిలెయ్యాలి. పద్దెనిమిదేళ్లుగా ముక్క తరుగు లెక్కలు రాస్తున్నవాణ్ణి, నాకు తెలీక కాదు. ఆ రాత్రి ఉండేది. నేను తీసేసిన మూడు పేజీలు అవే. చల్లారుతున్న పప్పుకి కాపలాగా లచ్చుమమ్మ కూచున్న రాత్రి అది.

‘సావుకారు ఊరుకుంటాడేటి, అంతా ముక్కైపోద్ది’ అంది అమ్మ.

ఇంట్లో మంచం కింద ఇంకా 112 కాపీలున్నాయి. 61వ పేజీలో రెండు పేరాల మధ్య ‘మర్నాడు పొద్దున్న’ అని నల్ల పెన్నుతో రాస్తున్నాను. నిన్న రాత్రికి నలభై అయ్యాయి.